పదో చోటు ఎవరికి?

పిల్లలూ,

మీ పోట్లాట సంగతి అమ్మ ఫోన్లో చెప్పింది. ఒక దశాబ్దంలో వచ్చిన ఆల్బమ్‌లలో గొప్పవి పది ఏరి లిస్టు రాయాలని ముగ్గురూ కూర్చున్నారట. తొమ్మిదింటి దాకా నవ్వుతూ తుళ్లుతూ నడిచిందట. పదో చోటు దగ్గర పేచీ వచ్చి, అక్కా తమ్ముడూ అప్పట్నుంచి మాట్లాడుకోవడం మానేశారట. అక్క పెట్టమన్న ఆల్బమ్‌లో రెండే పాటలు బాగుంటాయి, మిగతాదంతా సాగదీత అని తమ్ముడి వాదన. తమ్ముడు పెట్టమన్నది దశాబ్దం ఆఖరి డిసెంబరులో వచ్చింది, దాన్ని వచ్చే దశాబ్దంలో కలుపుకోవాలని అక్క వాదన. మీ ఇద్దరి మాటల కంటే చిన్నది అడిగిన ప్రశ్నే నా మనసులో ఉండిపోయింది. "తాతయ్యా, ఆ పాటలు ఎలాగూ వచ్చేశాయి కదా. ఇప్పుడు వాటికి నంబర్లు వేసి కొట్టుకోవడం దేనికి?"

చిట్టితల్లీ, ముందు నీకే జవాబు చెప్తాను. వాళ్లిద్దరినీ పక్కన కూర్చుని వినమను.

పంట ఇంటికొచ్చాక రైతు కాసిని గింజలు విత్తనానికని పక్కకు తీస్తాడు. మిగతాదంతా ఆ ఏడాది వాడకానికే. అందులో చిన్నతనం ఏమీ లేదు, పండింది అందుకే. పాటలూ అంతే. పదేళ్లలో లెక్కలేనన్ని ఆల్బమ్‌లు వస్తాయి. చాలావాటిని హాయిగా విని, ఆ ఏడాదితో వదిలేస్తాం. కానీ మీ తర్వాత పుట్టేవాళ్లు "మీ రోజుల్లో ఏం వినేవాళ్లు?" అని అడిగినప్పుడు చేతిలో పెట్టడానికి కొన్ని ఉండాలి కదా. మీరు లిస్టు రాస్తున్నారంటే ఆ విత్తనాలు ఏరుతున్నారన్నమాట. అందుకే పేచీ వచ్చింది. వాడుకునే గింజల దగ్గర ఎవరూ పోట్లాడరు, విత్తనాల దగ్గరే పోట్లాట.

విత్తనం ఎంచేవాళ్లు పైమెరుపు చూసి ఊరుకోరు. గింజల్ని నీళ్లలో పోసి చూస్తారు. గట్టిది అడుక్కి దిగుతుంది, తాలు పైకి తేలుతుంది. ఆల్బమ్‌కి ఆ నీళ్లు కాలమే. 1967లో వెల్వెట్ అండర్‌గ్రౌండ్ అనే బృందం, నీకో అనే గాయనితో కలిసి తన మొదటి ఆల్బమ్ తెచ్చింది. అమెరికాలో ఆల్బమ్‌ల అమ్మకాలను బట్టి వరుస వేసే బిల్‌బోర్డ్ చార్టులో అప్పట్లో అది 171వ స్థానం దాటి పైకి రాలేదు. ఆ ఏడాది దిగుబడి లెక్క చూసుకున్నవాళ్లకి అది కంటికి కూడా ఆనలేదు. ఆ తర్వాత ఇంగ్లండ్ గాయకుడు డేవిడ్ బోవీ మొదలుకొని తరాల తరబడి ఎందరో సంగీతకారులు దాని నుంచి నేర్చుకున్నారు. ఇవాళ అరవైల గొప్ప ఆల్బమ్‌ల మాట వస్తే దాన్ని పక్కన పెట్టి మాట్లాడేవాళ్లు అరుదు. గుప్పెడు గింజలే, కానీ మొలిచాయి.

అలాగని ఎక్కువమంది మెచ్చిందల్లా తాలు అనుకోకు నాన్నా. (ఇది తమ్ముడికి. ఈ వయసులో ఆ పొగరు త్వరగా ఎక్కుతుంది.) 1982లో మైకేల్ జాక్సన్ 'థ్రిల్లర్' వచ్చింది. అందులో ఉన్నవి తొమ్మిది పాటలు. వాటిలో ఏడు విడివిడిగా విడుదలై, ఏడూ అమెరికా చార్టులో మొదటి పదిలోకి వెళ్లాయి. పండుగ రోజున అందరూ తిన్న పంటే విత్తనంగా కూడా పనికొచ్చింది. అందరికీ నచ్చిందన్న ఒక్క కారణంతో దేన్నీ తక్కువ చేయకూడదు.

ఇంకో సంగతి. విత్తనాన్ని బాగా ఆరబెట్టకుండా దాస్తే బూజు పడుతుంది. నిన్నగాక మొన్న వచ్చిన ఆల్బమ్ పచ్చిగింజ. దాని మీద మనకున్న మోజు ఇంకా తడిగానే ఉంటుంది. అందుకే దశాబ్దం ముగిసిన వారానికే రాసిన లిస్టులు తర్వాత చాలా మారిపోతాయి. ఏళ్లు ఆగి వేసినవి కూడా మారతాయి. పిచ్‌ఫోర్క్ అనే సంగీత పత్రిక ఎనభైల ఆల్బమ్‌ల మీద 2002లో ఒక లిస్టు వేసి, 2018లో మళ్లీ వేసింది. మొదటిసారి సోనిక్ యూత్ బృందం ఆల్బమ్ 'డేడ్రీమ్ నేషన్' పైన ఉంది. రెండోసారి గాయకుడు ప్రిన్స్ ఆల్బమ్ 'పర్పుల్ రెయిన్' పైకి వచ్చింది. ఎనభైలలో ఏ ఆల్బమ్ వచ్చిందో అదే ఉంది, కొత్తగా ఒక్కటీ పుట్టలేదు. ఏరే చేతులు మారాయి, ఏరే కళ్లు మారాయి.

రోలింగ్ స్టోన్ పత్రిక అన్ని కాలాలకూ కలిపి వేసిన లిస్టులోనూ ఇదే జరిగింది. 2003లో మొదటి స్థానం ఇంగ్లండ్ బృందం బీటిల్స్ వాళ్ల 'సార్జెంట్ పెప్పర్స్'కి ఇచ్చారు. 2020లో కొత్తవాళ్లను చాలామందిని పిలిచి మళ్లీ ఓట్లు వేయిస్తే, అది 24వ చోటికి దిగింది. అంతకుముందు ఆరో చోట ఉన్న గాయకుడు మార్విన్ గే ఆల్బమ్ 'వాట్స్ గోయింగ్ ఆన్' మొదటి చోటికి ఎక్కింది. 1967లో వచ్చిన 'సార్జెంట్ పెప్పర్స్'లో ఒక్క స్వరం మారిందా? లేదు. ఓటు వేసినవాళ్లు వేరే పాటలు వింటూ పెరిగారు, అంతే. కాబట్టి ఏ లిస్టు చూసినా ముందు ఇది ఎవరు ఏరారు, ఏం విని పెరిగారు అని అడగండి. మీ లిస్టుని కూడా అలాగే అడగండి. తొమ్మిదీ ఒకే రకం విత్తనాలైతే కొట్టు నిండుగా కనిపిస్తుంది కానీ, ఒక్క తెగులొస్తే అన్నీ పోతాయి. మీ తొమ్మిదిలో మీ భాష కానిది ఎన్ని, మాటలే లేని సంగీతం ఎంత, ఆడవాళ్లు చేసినవి ఎన్ని, ఒకసారి లెక్కపెట్టుకోండి.

ఓట్లు వేసి తేల్చుకుందామన్నారట కూడా. వేసుకోండి, కానీ ఒకటి గమనించండి. మొదటి దానికి 10 మార్కులు, రెండో దానికి 9 అనుకుందాం. ముగ్గురికీ ప్రాణమైన ఆల్బమ్‌లు మూడు వేరువేరు, రెండో చోట మాత్రం ముగ్గురూ ఒకటే రాశారు. అప్పుడు ఆ రెండోది 27 మార్కులతో గెలుస్తుంది. మీరు ప్రాణంగా చూసుకున్నవి పదేసి మార్కులతో కింద పడతాయి. అంటే ఎవరూ ప్రాణం పెట్టని ఆల్బమే అన్నిటికంటే పైన నిలబడొచ్చు. పెద్ద పెద్ద పత్రికల లిస్టుల్లో కొన్ని పేర్లు చూసి "ఇదెలా వచ్చింది?" అనిపిస్తే, చాలాసార్లు ఇలాగే వచ్చి ఉంటుంది.

ఇక డిసెంబరు తగువు. పొలం గట్టు మీద మొలిచిన కంకి ఏ చేనిది? ఇంగ్లండ్ బృందం ది క్లాష్ 'లండన్ కాలింగ్' ఆల్బమ్‌ని తమ దేశంలో 1979 డిసెంబరులో, అమెరికాలో 1980 జనవరిలో విడుదల చేసింది. అమెరికా పత్రిక రోలింగ్ స్టోన్ దాన్ని ఏకంగా ఎనభైలలోకెల్లా గొప్ప ఆల్బమ్ అంది. ఇంగ్లండ్‌లో ఉన్నవాళ్లకి అది డెబ్బైల పాట. రెండు చేలవాళ్లూ నాదే అన్నారు, కంకి మాత్రం ఒక్కటే. నన్నడిగితే, విడుదలైన తేదీనే పట్టుకోండి, పట్టుకున్నాక అన్నింటికీ అదే వర్తింపజేయండి. తమ్ముడి ఆల్బమ్ కోసం రూలు పెట్టి, అక్క ఆల్బమ్ దగ్గర దాన్ని మర్చిపోతే అది న్యాయం కాదు. డిసెంబరులో వచ్చినవాటికి ఎలాగూ అన్యాయం జరుగుతూనే ఉంటుంది. 2013లో అమెరికా గాయని బియాన్సే ముందు మాటైనా చెప్పకుండా డిసెంబరు 13న ఒక ఆల్బమ్ విడుదల చేసింది. అప్పటికే చాలా పత్రికలు ఆ ఏటి లిస్టులు వేసేసి కూర్చున్నాయి.

అక్క ఆల్బమ్ మీద "రెండే పాటలు" అన్న మాట దగ్గర మాత్రం నేను కాస్త ఆగాలి. నా చిన్నప్పుడు మా బాబాయి దగ్గర రికార్డ్ ప్లేయర్ ఉండేది. ముల్లు మీద ఆయన చెయ్యి తప్ప ఇంకెవరి చెయ్యీ పడకూడదు. పాట నచ్చకపోతే దాటించమని అడిగే ధైర్యం ఇంట్లో ఎవరికీ లేదు. పాత ప్లేట్లయితే వైపుకి నాలుగు నిమిషాలకే అయిపోయేవి. 1948లో కొలంబియా కంపెనీ ఎల్‌పీలు, అంటే ఎక్కువసేపు నడిచే రికార్డులు, తెచ్చాక ఒక్కో వైపు ఇరవై నిమిషాలకు పైగా పట్టేది. ఆ ఇరవై నిమిషాలూ నేను గచ్చు మీద బోర్లా పడుకుని అట్ట కవరు వెనక ఉన్న అక్షరాలన్నీ చదివేవాణ్ణి. ఎవరు డ్రమ్స్ కొట్టారు, ఎవరు ఫ్లూట్ వాయించారు, అన్నీ నోటికొచ్చేవి. ఒక ఎల్‌పీలో రెండో వైపు చాలా నెమ్మదిగా సాగే పాట ఒకటి ఉండేది. దాని తర్వాత వచ్చే హుషారు పాట కోసం దాన్ని ఓర్చుకునేవాణ్ణి. ఒకసారి జ్వరం వచ్చి తగ్గాక, నీరసంగా పడుకున్న రోజుల్లో బాబాయి అదే రికార్డు పెట్టాడు. ఆ నెమ్మది పాట నా ఊపిరితో సమానంగా నడుస్తున్నట్టు అనిపించింది. అప్పట్నుంచి దాని కోసమే ఎదురుచూడటం మొదలుపెట్టాను. హుషారు పాట ఎలా ఉండేదో ఇప్పుడు సరిగా గుర్తు కూడా లేదు.

మీ చేతిలో ఫోన్ ఉంది, వేలితో నెడితే పాట దాటిపోతుంది. అది సుఖమే, కాదనను. కానీ అలా విన్నవాళ్లు ఒక ఆల్బమ్ చోటుకి తగిందో కాదో చెప్పలేరు. గింజని నీళ్లలో వేయకముందే పారేసినట్టు అవుతుంది.

ఆల్బమ్ అంటే మంచి పాటల మూట కాదని ఎలా చెప్పాలో నాకు తెలియదు కానీ, ఎక్కడ వినాలో తెలుసు. 1969లో వచ్చిన బీటిల్స్ 'అబ్బీ రోడ్' రెండో వైపు తీసుకోండి. అందులో సగానికి పైగా, పూర్తికాకుండా మిగిలిపోయిన పాటల ముక్కలే. కొన్ని నిమిషంన్నర కూడా ఉండవు. విడిగా వింటే "ఇదేంటి, మొదలైందో లేదో అయిపోయింది" అంటారు. వాటిని ఒకదానికొకటి అతికి దాదాపు పదహారు నిమిషాలు ఒకే వరుసగా నడిపించారు. ముందు వినిపించిన రాగం ఒకటి చివర్లో వేరే మాటలతో మళ్లీ వస్తుంది. ఆ చోట మనసులో ఏదో కదులుతుంది. ముక్కలుగా ఉన్నప్పుడు లేని ఆ సంగతి కలిపితే ఎక్కణ్ణుంచి వచ్చింది? ఇన్నేళ్లుగా వింటున్నాను, ఇప్పటికీ ఆశ్చర్యమే. దీపం ఆర్పి, మధ్యలో ఆపకుండా, ముగ్గురూ కలిసి ఒకసారి వినండి.

తర్వాత పదో చోటు సంగతి చూద్దురుగాని. అక్క ఆల్బమ్ తమ్ముడూ, తమ్ముడి ఆల్బమ్ అక్కా మొదటి పాట నుంచి ఆఖరి పాట దాకా, వరుస మార్చకుండా వినాలి. ఒక్కసారి కాదు, వేరువేరు రోజుల్లో, వేరువేరు వేళల్లో. అమ్మాయీ, నీకు విసుగొచ్చిన పాట దగ్గర ఆపకు, ఆ పాట పేరు రాసి పెట్టుకో. వారం పోయాక మళ్లీ దాన్నే విను. నాన్నా, నువ్వూ అంతే.

అదయ్యాక పోట్లాట మళ్లీ మొదలుపెట్టండి, గట్టిగానే పోట్లాడండి. షరతు ఒక్కటే, ఈసారి అక్క ఆల్బమ్ తరఫున తమ్ముడు మాట్లాడాలి, తమ్ముడి ఆల్బమ్ తరఫున అక్క మాట్లాడాలి. తీర్పు చిన్నదాన్ని రాయమనండి. రాసిన కాగితం ఫోటో తీసి నాకు పంపండి.

ప్రేమతో,
మీ తాతయ్య