33 శాతం అంకె వెనుక కథ: ఊపిరితిత్తుల క్యాన్సర్, చైనా మూలికలు

ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు చైనా సంప్రదాయ మూలికా వైద్యం పనిచేస్తుందా లేదా అన్న వాదన మళ్లీ రాజుకుంది. మూలికలు వాడినవారిలో మరణాలు 33 శాతం తగ్గాయన్న అంకెనే దాన్ని సమర్థించేవారు ఈసారి కూడా ముందుకు తెస్తున్నారు. చైనా వైద్యం ప్రాచీనత గురించి కొత్తగా చెప్పవలసినది లేదు. ఇప్పటి తగవు తేలాలంటే ఆ అంకె ఎక్కడ పుట్టిందో, ఏ షరతుల మీద పుట్టిందో తెలియాలి.

‘జర్నల్ ఆఫ్ క్లినికల్ ఆంకాలజీ’ 2006లో మైకేల్ మెక్‌కలక్ బృందం చేసిన ఒక విశ్లేషణను ప్రచురించింది. ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో ఎక్కువగా కనిపించే నాన్ స్మాల్ సెల్ రకం ముదిరిన దశలో ఉన్న 2,815 మంది రోగులపై అంతకుముందు జరిగిన 34 పరీక్షలను ఆ బృందం ఒకచోట చేర్చి లెక్కగట్టింది. ఆ పరీక్షల్లో వాడినవి హువాంగ్‌చీ అనే వేరు ప్రధానంగా ఉండే మందులు. లేత పసుపు రంగులో, పలుచని బిళ్లలుగా కోసి ఎండబెట్టి అమ్మే ఈ వేరును చైనా ఇళ్లలో కషాయంగా కాచుకుంటారు, పులుసుల్లోనూ వేసుకుంటారు. ఏడాదిలోపు మరణాల వివరాలిచ్చిన 12 పరీక్షల్లోని 940 మందిని లెక్కలోకి తీసుకున్నప్పుడు, మూలికలు తీసుకోనివారిలో 100 మరణాలు సంభవించే చోట తీసుకున్నవారిలో 67 సంభవించినట్లు తేలింది. 33 శాతం అన్న మాట అక్కడి నుంచే వచ్చింది.

అయితే ఆ రెండు వర్గాల వారికీ ప్లాటినం ఆధారిత కీమోథెరపీ (ప్లాటినం లోహం కలిసిన మందులతో చేసే క్యాన్సర్ చికిత్స) అందింది. మూలికను కీమోకు తోడుగా ఇచ్చారే తప్ప కీమోకు బదులుగా ఇవ్వలేదు. కట్టుదిట్టమైన పరీక్షలతో ఈ ఫలితాలను ధ్రువీకరించుకోవలసి ఉందని పరిశోధకులే స్పష్టంగా రాశారు. ఆ వార్త నోటా నోటా పాకే క్రమంలో ముందు ఆ హెచ్చరిక జారిపోయింది, ఆ తర్వాత కీమో ప్రస్తావన కూడా జారిపోయింది.

అసలు మలుపు 2009లో వచ్చింది. ఇప్పటి తగవులో రెండు పక్షాలూ దాన్ని తగినంతగా పట్టించుకోకపోవడం విచారకరం. ఎవరికి మందు ఇవ్వాలో, ఎవరికి ఇవ్వకూడదో వైద్యుడి ఇష్టానికి వదలకుండా చీటీలు తీసినట్టుగా నిర్ణయించడమే ఇలాంటి పరీక్షలకు ప్రాణం. అలా చేయనప్పుడు కాస్త కోలుకునేలా ఉన్న రోగులు మందు వర్గంలోకి, నీరసించినవారు రెండో వర్గంలోకి చేరిపోయే ప్రమాదం ఉంది. చైనా నగరం చెంగ్దూలోని వు తైషియాంగ్ బృందం 20 సాధారణ వ్యాధులకు సంబంధించి చైనా పత్రికల్లో ఈ పద్ధతి పాటించామని ప్రకటించుకున్న 2,235 పరీక్షల రచయితలకే ఫోన్ చేసి ఆ పని ఎలా చేశారో వివరించమని అడిగింది. సరైన పద్ధతి పాటించినట్లు తేలినవి 207 మాత్రమే. ఈ లోపం మూలికలకే పరిమితమైనది కాదని, ఆధునిక మందుల పరీక్షల్లోనూ పరిస్థితి అంతేనని కూడా ఆ బృందం తేల్చింది కాబట్టి దీన్ని సంప్రదాయ వైద్యంపై దాడిగా చూడడం అన్యాయం. కానీ పునాదిలోని పరీక్షలే ఇంత బలహీనమైనప్పుడు, వాటిని ఎన్ని కలిపి కూడినా వచ్చే మొత్తానికి బలం చేకూరదు.

మూలికల పక్షాన నిలిచిన వైద్యుల వాదననూ చెప్పాలి. కణితిని చంపడం తమ లక్ష్యం కాదని, కీమోకు డస్సిపోయిన శరీరాన్ని నిలబెట్టడమే తమ పని అని వారంటారు. ‘ఫుజెంగ్’ అనే ఈ విధానంలో షాంఘైలోని లొంగ్‌హువా ఆసుపత్రి దశాబ్దాలుగా పనిచేస్తోంది.

బీజింగ్ క్యాన్సర్ వైద్య నిపుణుడు సున్ యాన్ ఇదే విధానంపై తొలినాళ్లలో ప్రయోగశాల పరిశోధన చేశారు. హువాంగ్‌చీ సారం క్యాన్సర్ రోగుల రోగనిరోధక కణాలపై చూపే ప్రభావం గురించి అమెరికాలోని హ్యూస్టన్ శాస్త్రవేత్తలతో కలిసి 1983లో ఒక పత్రం వెలువరించారు. అదే సున్ యాన్ తర్వాతి కాలంలో ఐకోటినిబ్ అనే లక్షిత చికిత్స మాత్రను (క్యాన్సర్ కణాల్లోని ఒక నిర్దిష్ట లోపాన్ని గురిపెట్టి పనిచేసే మందును) 27 ఆసుపత్రుల్లో, సుమారు 400 మంది రోగులపై, రోగికీ వైద్యుడికీ ఏ మందు ఇస్తున్నదీ తెలియకుండా, అప్పటికే వాడుకలో ఉన్న అదే తరహా మాత్ర గెఫిటినిబ్‌తో పోల్చి పరీక్షించిన బృందంలో ముఖ్యులు. చైనా 2011లో ఆ మాత్రకు అనుమతినిచ్చింది, ఫలితాలు 2013లో ‘లాన్సెట్ ఆంకాలజీ’లో వచ్చాయి. కఠినమైన పరీక్ష చైనా వైద్యులకు చేతకానిది కాదని రుజువు చేయడానికి ఇంతకన్నా వేరే సాక్ష్యం అక్కరలేదు. ఆ కొలమానాన్నే మూలికలకూ వర్తింపజేయమని కోరడం వాటిని చిన్నచూపు చూడడం కాదు.

కషాయం విషయంలో అది కష్టమన్నది నిజమే. రంగు, వాసన, చేదు ఒకేలా ఉండి, మందు మాత్రం లేని ఉత్తుత్తి కషాయాన్ని తయారుచేయడం తేలిక కాదు. అయినా షాంఘై వైద్యులే ఆ దిశగా అడుగువేసి, లక్షిత చికిత్స మాత్రలకు తోడుగా మూలికలను ఉత్తుత్తి మందుతో పోల్చిన పరీక్ష ఫలితాలను 2019లో ప్రచురించారు. అక్కడా మాత్రలు మాన్పించి మూలికలు ఇవ్వలేదు.

మానేస్తే ఏమవుతుందన్న ప్రశ్నకు అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2018లో కొంత సమాధానమిచ్చారు. వారు పరిశీలించినది ఒక్క చైనా మూలికలను కాదు, అన్ని రకాల ప్రత్యామ్నాయ వైద్యాలను. శస్త్రచికిత్స, కీమో, రేడియేషన్ వద్దనుకుని ఆ వైద్యాలనే నమ్ముకున్న 281 మంది క్యాన్సర్ రోగులను, సాధారణ చికిత్స తీసుకున్న 560 మందితో పోల్చారు. ప్రత్యామ్నాయాన్ని నమ్ముకున్నవారిలో మరణ ముప్పు మొత్తం మీద 2.5 రెట్లు, ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో 2.17 రెట్లు ఎక్కువగా కనిపించింది. ఇతర అవయవాలకు వ్యాధి పాకిన రోగులను ఆ లెక్కలో చేర్చనే లేదు. చికిత్సకు లొంగే అవకాశం ఇంకా మిగిలి ఉన్న దశలోనే ఆ 281 మందీ దాన్ని కాదనుకున్నారు.