దేవుని ఏర్పాటు: అపోహలు - వాస్తవాలు

అపోహ: ఏర్పాటు (ఎవరిని రక్షించాలో దేవుడు ముందే ఎంచుకోవడం) అంటే తలరాతే.

బైబిల్ క్లాసుల్లో నాకు అన్నిటికంటే ఎక్కువగా ఎదురయ్యే మాట ఇది. "అంతా ముందే రాసిపెట్టి ఉంటే ఇక ప్రార్థన ఎందుకు, సువార్త ఎందుకు?" అంటారు. నేను అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయం తీయమంటాను. తుపానులో చిక్కిన ఓడలో 276 మంది ఉన్నారు. ఒక్కరి ప్రాణమూ పోదని పౌలుకు ముందే మాట అందింది. తీరా నావికులు చిన్న పడవ దించుకుని జారుకోబోతుంటే అదే పౌలు శతాధిపతితో, వీళ్లు ఓడలో లేకపోతే మీరు తప్పించుకోలేరని చెప్పాడు. సైనికులు పడవ తాళ్లు కోసేశారు.

తలరాతకు దారితో పని లేదు, ఎటు వెళ్లినా జరిగేది జరుగుతుంది. ఏర్పాటులో గమ్యంతో పాటు దారి కూడా దేవుడు నిర్ణయించిందే. ప్రార్థన, ప్రకటన, విశ్వాసం ఆ దారిలోవే. 1793లో సువార్త ప్రకటించడానికి ఇండియాకు వచ్చిన మిషనరీ విలియం కేరీ ఈ సిద్ధాంతాన్ని నమ్మినవారే. నమ్మి ఇంట్లో కూర్చోలేదు కదా.

అపోహ: ఇది 16వ శతాబ్దపు సంఘ సంస్కర్త జాన్ కాల్విన్ కనిపెట్టింది.

కాదు. ఆయనకు వెయ్యేళ్లకు పైగా ముందే తొలినాటి సంఘ బోధకుడు అగస్టీన్ దీని గురించి రాశారు. 13వ శతాబ్దంలో వేదాంతి థామస్ అక్వినాస్ బోధించారు. పైగా కాల్విన్ తన ప్రధాన గ్రంథం 1559 ముద్రణలో దీన్ని మొదట్లో పెట్టలేదు, మూడో భాగంలో ప్రార్థన అధ్యాయం తర్వాత పెట్టారు. ప్రార్థన వద్దనిపించే సిద్ధాంతం ప్రార్థన పక్కనే ఉండటం నాకు భలే అనిపిస్తుంది.

అపోహ: ఆర్మీనియన్లు (కాల్విన్ బోధతో విభేదించిన ఆర్మీనియస్ బాటలో నడిచేవాళ్లు) ఏర్పాటును ఒప్పుకోరు.

ఒప్పుకుంటారు. రోమా 8:29లోని "ముందు ఎరిగిన" అనే మాట దగ్గరే తేడా. ఎవరు నమ్ముతారో దేవుడు ముందే చూసి ఏర్పరచుకున్నాడని వాళ్లంటారు. ఆ నమ్మకం కూడా ఏర్పాటు వల్లే కలిగిందని 1618-19లో నెదర్లాండ్స్‌లో కూడిన సంఘ పెద్దల సభ, డోర్ట్ సభ తేల్చింది.

అపోహ: నమ్మనివాళ్ల అవిశ్వాసానికి కారణం దేవుడే.

డోర్ట్ సభే దీన్ని కాదంది. అవిశ్వాసానికి కారణం మనిషిలోనే ఉందని, విశ్వాసం మాత్రం దేవుని వరమని చెప్పింది. అయితే అందరికీ ఆ వరం ఎందుకివ్వలేదని ఎవరైనా అడిగితే నా దగ్గర లెక్క తేలే జవాబు లేదు. ఉందని చెప్పే బోధకుల్ని నేను కాస్త అనుమానంగానే చూస్తాను.

అపోహ: ముందు నా పేరు జాబితాలో ఉందో లేదో తెలియాలి, తర్వాతే క్రీస్తు దగ్గరకు రావాలి.

ఈ టెన్షన్‌తో నిద్ర పట్టనివాళ్లను చూశాను. కాల్విన్ చెప్పింది దీనికి సరిగ్గా ఎదురు: మన ఏర్పాటును చూసుకోవాల్సిన అద్దం క్రీస్తే. అలా వచ్చినవాళ్లతో నేను యోహాను 6:37 చదివిస్తాను. తండ్రి ఇచ్చేవాళ్లంతా తన దగ్గరకు వస్తారని యేసు మొదట అంటాడు. వచ్చేవాళ్లను ఎంతమాత్రం బయటికి తోసేయనని వెంటనే అంటాడు. రెండో మాటను ముందు పట్టుకోమంటాను.