ఉడుత పిల్లకు గొర్రెల మందు వేయకండి

మే నెలలో అనంతపురం, కర్నూలు, కడప వైపు సాయంత్రం పూట ఒక గాలివాన విరుచుకుపడిందంటే, మరుసటి రోజు పొద్దున వేపచెట్ల కింద, మిద్దెల పక్కన ఉడుత పిల్లలు దొరుకుతాయి. కొన్ని చెట్టు మీది గూట్లోంచి పడినవి, ఇంకొన్ని ఏసీ పైపు కోసం గోడకు కొట్టిన కంతలోంచో వెంటిలేటర్‌లోంచో జారినవి. అయ్యో పాపం అని చేతిలోకి తీసుకున్న రెండు నిమిషాలకు కనిపిస్తాయి, పిల్ల బొచ్చులో పక్కలకు జారుకుంటూ పరుగెత్తే ఫ్లీ అనే ముదురు గోధుమరంగు పురుగులు. వేలితో నొక్కితే చావవు, పట్టుకోబోతే గెంతి మన చొక్కా మీదికి వస్తాయి. ఇక ఇంట్లో టెన్షన్ మొదలవుతుంది, ఎవరో ఒకరు పశువుల మందుల షాపుకు పరుగెత్తుతారు, అక్కడ వచ్చే సలహా తెలిసిందే: "ఏం కాదన్నా, గొర్రెలకేసేదే, ఒక్క చుక్క ఏస్తే సాలు."

ఆ ఒక్క చుక్క లెక్క చూద్దాం. గొర్రెలకు, ఆవులకు వేసే ఐవర్‌మెక్టిన్ ఇంజెక్షన్ సాధారణంగా 1 శాతం మందు, అంటే ఒక మిల్లీలీటరులో 10 మిల్లీగ్రాములు. సిరంజి నుంచి పడే చుక్క ఉజ్జాయింపుగా 0.05 మిల్లీలీటరు అనుకుంటే అందులో అర మిల్లీగ్రాము మందు ఉన్నట్టు. గొర్రెకు కిలో బరువుకు ఇచ్చేది 0.2 మిల్లీగ్రాములు. అదే లెక్క ఉడుతకూ వర్తిస్తుందనుకున్నా, 25 గ్రాముల పిల్లకు చేరాల్సింది 0.005 మిల్లీగ్రాములు. అంటే ఆ చుక్కలో వంద పిల్లలకు సరిపడా మందు ఉంది. ఇంకో తమాషా ఏమిటంటే, ఐవర్‌మెక్టిన్ గజ్జి కలిగించే సూక్ష్మ పురుగుల మీద, కడుపులో పురుగుల మీద బ్రహ్మాండంగా పనిచేస్తుంది, దాని వెనుక ఉన్న పరిశోధనకు సతోషి ఒమురా, విలియం క్యాంప్‌బెల్‌లకు 2015లో నోబెల్ కూడా వచ్చింది, కానీ మనం ఇప్పుడు మాట్లాడుకుంటున్న పురుగు మీద దాని ప్రభావం అంతంతమాత్రమే. పిల్ల పోతుంది, పురుగు మిగులుతుంది.

ఇవి పేలు కావు, పిడుదులు కావు. ఫ్లీలు. రెక్కల్లేని కీటకాలు, రెండు మూడు మిల్లీమీటర్లు మించవు. ఒళ్లు రెండు పక్కల నుంచి నొక్కేసినట్టు పలచగా ఉంటుంది కాబట్టి వెంట్రుకల మధ్య సులువుగా దూరిపోతాయి, ఒంటి మీది ముళ్లన్నీ వెనక్కి తిరిగి ఉంటాయి కాబట్టి గోకినా ఊడిరావు. వాటి గెంతు వెనుక ఉన్న కిటుకు 1967లో బయటపడింది: కాళ్ల మొదట్లో రెసిలిన్ అనే రబ్బరు లాంటి ప్రొటీన్ ముద్ద ఉంటుంది, ఫ్లీ దాన్ని నొక్కిపట్టి ఒక్కసారిగా వదిలేస్తుంది. కండరాల బలం ఒక్కదానితో అంత వేగం రాదు.

నాలుగు పురుగులకే ఇంత హడావిడి ఎందుకంటారా? పెద్ద ఉడుతకైతే నిజంగానే అక్కర్లేదు. మన వైపు కనిపించే మూడు చారల ఉడుత పెద్దదైతే 100 గ్రాములు తూగుతుంది, రోజంతా గోక్కుంటూ, పళ్లతో బొచ్చు దువ్వుకుంటూ ఫ్లీలను తానే అదుపులో పెట్టుకుంటుంది. గూట్లో పురుగు మరీ ఎక్కువైతే తల్లి పిల్లల్ని ఒక్కొక్కటిగా నోట కరుచుకుని ఇంకో గూటికి మార్చేస్తుంది. కళ్లు తెరవని పిల్ల సంగతి వేరు. శరీర బరువులో రక్తం సుమారు 7 శాతం, 25 గ్రాముల పిల్లలో అది రెండు మిల్లీలీటర్లు కూడా ఉండదు. పిల్లుల మీద ఉండే ఫ్లీ జాతిలో ఒక ఆడది రోజుకు దాదాపు 13.6 మైక్రోలీటర్ల రక్తం తాగుతుందని కొలిచారు. ఉడుత మీదివీ దాదాపు అలాగే తాగుతాయనుకుంటే, ఇరవై పట్టాయంటే ఒక్క రోజులో పిల్ల రక్తంలో ఆరో ఏడో వంతు మాయం. అందుకే పిల్ల నోరు కొంచెం తెరిచి చిగుళ్లు చూడాలి. గులాబీ రంగు ఉంటే టైముంది. తెల్లగా పాలిపోయి ఉంటే ఇంటి వైద్యాలు ఆపి ఆ రోజే పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లాలి.

దొరికిన పిల్లకు ముందుగా కావాల్సింది వెచ్చదనం. కర్నూలులో 42 డిగ్రీల ఎండ కాస్తుంటే వెచ్చదనం ఏమిటని నవ్వకండి, వానలో తడిసిన పిల్ల ఆ ఎండాకాలంలోనే చల్లబడి చచ్చిపోతుంది, వాటికి సొంతంగా ఒంటి వేడి నిలుపుకోవడం చేతకాదు. గోరువెచ్చని నీళ్ల సీసాకు గుడ్డ చుట్టి పక్కన పెట్టండి, ఒళ్లు వెచ్చబడ్డాకే మిగతా పని. దెబ్బలేవీ లేకుండా చురుగ్గా ఉంటే అదే చెట్టుకు చిన్న అట్టపెట్టె కట్టి అందులో ఉంచి, దూరంగా నిలబడి చూడండి. మనిషి వాసన తగిలితే తల్లి దగ్గరికి రానివ్వదని ఊళ్లో అంటారు గానీ అది నిజం కాదు, పగటిపూట చాలాసార్లు వచ్చి తీసుకుపోతుంది. పెట్టెలో పెట్టే ముందు ఇంకొకటి చూడాలి: కళ్ల చుట్టూ, ముక్కు దగ్గర, గాయాల మీద తెల్లగా చిన్న బియ్యపు నూక లాంటివి అతుక్కుని ఉన్నాయా? అవి ఈగ గుడ్లు. వేడికి గంటల్లోనే పురుగులవుతాయి. ఫ్లీలు రేపటి వరకు ఆగినా ఫరవాలేదు, ఇవి ఆగవు, చిన్న పట్టకారుతో ఒక్కొక్కటి తీసేయాలి.

ఇక ఫ్లీలు. దీనికి మన ఇళ్లలో ఎప్పటి నుంచో ఉన్న పేన్ల దువ్వెనకు మించిన పనిముట్టు లేదు. పళ్లు దగ్గరగా ఉన్నది తీసుకోండి. పక్కన గిన్నెలో నీళ్లు పోసి రెండు చుక్కలు గిన్నెలు తోమే లిక్విడ్ కలపండి. ఉత్త నీళ్లలో ఫ్లీ పైన తేలి మళ్లీ గెంతుతుంది, సబ్బు కలిస్తే నీటి పైపొర బలం తగ్గి మునిగిపోతుంది. పిల్లను తెల్ల గుడ్డ మీద పెట్టుకుని మెడ నుంచి తోక వైపు మెల్లగా దువ్వండి, దువ్వెనకు చిక్కినవి వెంటనే గిన్నెలో ముంచండి. చంకల్లో, చెవుల వెనక, తోక మొదట్లో ఎక్కువ ఉంటాయి. గుడ్డ మీద మిరియాల పొడి లాంటి నల్ల రవ్వలు రాలితే, తడి కాగితం మీద వేసి నలపండి. ఎర్రగా మరక అయిందా, అది ఫ్లీల మలం, అంటే పిల్ల రక్తమే. మట్టయితే ఎర్రబడదు. బొచ్చు రాని పిల్లకు దువ్వెన వద్దు, తడి దూది చాలు. ఒకే రోజు అన్నీ పోవాలని గంటసేపు కూర్చోకండి, ఐదేసి నిమిషాలు రెండు మూడు సార్లు చేస్తే చాలు, పిల్లకు భయం కూడా తగ్గుతుంది.

స్నానం మామూలుగా వద్దు. బొచ్చు బాగా వచ్చి, ఫ్లీలు లెక్కలేనన్ని ఉంటేనే గోరువెచ్చని నీళ్లతో చేయించాలి. అప్పుడు కూడా ముందు మెడ చుట్టూ సబ్బు నురగ ఒక వలయంలా రుద్దాలి, లేదంటే నీళ్లు తగలగానే పురుగులన్నీ తల మీదికి, చెవుల్లోకి పారిపోతాయి. ముఖం తడవకూడదు, వెంటనే తుడిచి ఆరబెట్టాలి.

దువ్వడం ఎంత బాగా చేసినా అది సగం పని కూడా కాదు. ఒంటి మీద కనిపించే పెద్ద ఫ్లీలు మొత్తంలో నూటికి ఐదు దాకా ఉంటాయని, మిగతావన్నీ గుడ్లుగా, పిల్ల పురుగులుగా, పట్టుగూళ్లుగా పరుపులోనూ నేల మీదా ఉంటాయని పశువైద్యులు వేసే అంచనా. ఆడ ఫ్లీ రక్తం తాగిన ఒకటి రెండు రోజుల్లో గుడ్లు మొదలుపెట్టి, జోరు మీద రోజుకు నలభై యాభై దాకా పెడుతుంది. అవి నున్నగా ఉండి వెంట్రుకలకు అంటుకోకుండా కింద రాలిపోతాయి. పిల్ల పురుగులు వెలుతురంటే పడక సందుల్లోకి దూరి, పెద్దవి రాల్చిన ఎండు రక్తం తిని బతుకుతాయి. కడప బండలు పరిచిన ఇళ్లలో బండకూ బండకూ మధ్య సిమెంటు ఊడిపోయిన సందు వాటికి భలే చోటు: చీకటి, దుమ్ము, కాస్త తేమ. కానీ మన వాతావరణమే వాటికి శత్రువు కూడా. గాలిలో తేమ 50 శాతానికి తగ్గినా, వేడి 35 డిగ్రీలు దాటి అలాగే ఉన్నా పిల్ల పురుగులు బతకవు. కాబట్టి ఏప్రిల్, మేలలో ఉడుత పెట్టెలో వేసిన గుడ్డలు వేడినీళ్లలో ఉతికి, మిద్దె మీద మధ్యాహ్నపు ఎండలో ఆరేస్తే అంతకు మించిన మందు లేదు, పైసా ఖర్చు లేదు. పాత గుడ్డ రోజూ మార్చాలి, పెట్టె అట్టదైతే పారేసి కొత్తది పెట్టాలి. వానలు మొదలై గాలిలో తేమ పెరిగాక జాగ్రత్త రెట్టింపు చేసుకోవాలి.

ఫ్లీ పిల్ల పురుగు పట్టుగూడు కట్టుకున్న దశ మొండిది. ఆ పట్టుగూడుకు దుమ్ము అంటుకుని కంటికి కనపడదు, పురుగుమందు లోపలికి దిగదు, నెలల తరబడి అలాగే ఉండి అడుగుల అదురు, ఒంటి వేడి, మన ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్ తగలగానే బయటికొస్తుంది. వేసవి సెలవులకు ఊరెళ్లి వచ్చినవాళ్లను ఇంట్లో కాలుపెట్టగానే పిక్కల మీద కుట్టేది అందుకే. వెంటిలేటర్‌లో ఉడుత గూడుంటే పిల్లలు పెద్దవై వెళ్లేదాకా ఓపిక పట్టి, తర్వాత ముక్కుకు గుడ్డ, చేతికి గ్లౌజులు వేసుకుని గూడు మొత్తం కవర్లో కట్టి తీసేయండి, ఆ కంతకు జాలీ కొట్టించండి. చీపురు కన్నా వాక్యూమ్ క్లీనర్ మేలు.

ఇక అస్సలు వద్దన్నవి. కిరసనాయిలు చర్మం గుండా, ఊపిరి గుండా లోపలికి పోయి చంపుతుంది. బీరువాలో పెట్టే నాఫ్తలీన్ గోళీలు పెట్టెలో వేస్తే ఆ ఆవిరే విషం. గొర్రెల మీద పోసే డెల్టామెత్రిన్, కుక్కల మెడకు కట్టే పట్టీలు, పిడుదుల పౌడరు పెద్ద జంతువుల బరువుకు లెక్కగట్టినవి, ఉడుత వాటిని నాకి మింగుతుంది కూడా. వేపనూనె మన ఇంటి మందే కదా అంటారు. నూనె అంటిన బొచ్చు వేడిని నిలపలేదు, నాకితే కడుపులోకి పోతుంది. నాకు అన్నిటికన్నా కోపం తెప్పించే సలహా ఇంకొకటుంది, పెరట్లోకి వచ్చే ఉడుతలకు చెనక్కాయల్లో మాత్ర పొడి కలిపి పెట్టమనేది. ఏ ఉడుత ఎన్ని తింటుందో, వాటిలో కాకి వాటా ఎంతో ఎవరు కొలుస్తారు? తిరిగే ఉడుత ఆరోగ్యంగా ఉంటే దాని ఫ్లీలను దానికే వదిలేయండి.

మందు తప్పనిసరైతే పశువైద్యులు వాడే వాటిలో సెలమెక్టిన్ ఉంది. వంటింటి త్రాసు కాదు, గ్రాముల్లో చూపే త్రాసు మీద తూచి, ఆ బరువుకు డాక్టరు కొలిచి వెన్ను మీద చర్మానికి వేస్తారు, మరీ పసిదైతే అదీ వద్దంటారు. ఉడుతల లాంటి అరుదైన (ఎగ్జోటిక్) జంతువులు చూసే డాక్టరు అన్ని ఊళ్లలో దొరకరు, ప్రొద్దుటూరులో వెటర్నరీ కాలేజీ ఉంది, కడప వైపు వాళ్లకు అది దగ్గర. ఇంట్లో కుక్క గానీ పిల్లి గానీ ఉంటే ఫ్లీలకు అసలు అడ్డా అదే కావచ్చు, దానికీ మందు వేయించాలి, ఆ మందు ఆరేదాకా ఉడుతను దూరంగా ఉంచాలి. ఉడుతను బోనులో పెట్టి పెంచుకుందామనే ఆలోచన ఉంటే మాత్రం ముందు అటవీ శాఖ వాళ్లను అడగండి, కాపాడి వదలడం వేరు, పెంచుకోవడం వేరు.

మన సంగతి. ఫ్లీ అనగానే ప్లేగు గుర్తొస్తుంది, ఎలుకల ఫ్లీలే దాన్ని మోస్తాయని ఫ్రెంచి వైద్యుడు పాల్ లూయీ సైమండ్ 1898లో కరాచీలో గట్టి ఆధారం చూపించాడు. వేపచెట్టు ఉడుతను చూసి ఆ భయం అక్కర్లేదు. ఫ్లీల మలం ద్వారా టైఫస్ జాతి జ్వరం ఒకటి వచ్చే వీలుంది కాబట్టి కుట్టిన చోట గోకకుండా సబ్బుతో కడుక్కోండి. ఈ మధ్య అందరి నోటా వినిపించే స్క్రబ్ టైఫస్ ఫ్లీల వల్ల వచ్చేది కాదు, పొదల్లో ఉండే వేరే సూక్ష్మ పురుగుల వల్ల వస్తుంది. ఏదైనా సరే, ఉడుతను చేతబట్టిన కొన్నాళ్లకు జ్వరం, ఒళ్లంతా దద్దుర్లు, ఎక్కడైనా నల్లటి పొక్కు కనిపిస్తే పారాసిటమాల్‌తో సరిపెట్టకుండా డాక్టరుకు ఆ ఉడుత విషయం కూడా చెప్పండి, డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ త్వరగా మొదలుపెడితే ఈ జ్వరాలు బాగా లొంగుతాయి. కొరికిందంటే పదిహేను నిమిషాలు సబ్బు నీళ్లతో కడిగి, టీటీ ఇంజెక్షన్ ఎప్పుడు వేయించుకున్నారో గుర్తు తెచ్చుకుని ఆసుపత్రికి వెళ్లండి. ఉడుతల నుంచి రేబిస్ రావడం దాదాపు లేనట్టే గానీ, ఆ నిర్ణయం డాక్టరుకే వదిలేయండి.