అయ్యగారికి అలసట రాకూడదా? కాపరుల విశ్రాంతిపై అపోహలు, వాస్తవాలు

పాస్టర్ల నుంచి నాకు వచ్చే ఫోన్లు చాలావరకు ఒకే ప్రశ్నతో మొదలవుతాయి: "అన్నా, మూడు రోజులు ఉపవాసం ఉండమంటారా, ఏడు రోజులా?" ఏమైందని అడిగితే అప్పుడు వరసగా చెప్తారు. అర్ధరాత్రి దాటాక మెలకువ వచ్చేస్తోంది, మళ్ళీ నిద్ర పట్టదు. వాక్యం సిద్ధపడదామని బైబిల్ తెరిస్తే ఏమీ తోచడం లేదు. విశ్వాసి ఇంటి నుంచి ఫోన్ మోగితే గుండె దడ. ప్రార్థన మనవి చెప్పుకోవడానికి వచ్చిన మనిషిని చూస్తే విసుగు, ఆ విసుగు వచ్చినందుకు మళ్ళీ సిగ్గు. ఇదంతా విన్నాక నేను అడిగేది వాళ్ళకు నచ్చదు: "రాత్రిళ్ళు ఎన్ని గంటలు పడుకుంటున్నారు?"

పల్లె సంఘానికి కాపరిగా ఉండి, తర్వాత కౌన్సెలింగ్ నేర్చుకుని, ఇప్పుడు విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల పాస్టర్లతో, వాళ్ళ కుటుంబాలతో పనిచేస్తున్నాను. డినామినేషన్ ఏదైనా కథ మారదు. పెద్ద మందిరం ఉన్న పట్నం సంఘమైనా, రేకుల షెడ్డులో నడిచే పల్లె సంఘమైనా అవే మాటలు. వాటికి జవాబులు ఇక్కడే రాసేస్తున్నాను. మొదటిదానికే ఎక్కువ చోటు పడుతుంది. మనుషుల్ని నిజంగా పాడుచేస్తున్నది అదే.

అపోహ: పాస్టర్ అలసిపోయాడంటే ప్రార్థన తగ్గింది, ఆత్మీయంగా చల్లారిపోయాడు

కాదు. ఈ మాట అనేవాళ్ళు తమ పాస్టర్ వారమంతా ఏం చేస్తాడో ఒక్కసారి వెంట ఉండి చూస్తే బాగుండును. ఆదివారం ఉదయం ఆరాధన, మధ్యాహ్నం పక్క ఊరి కూడిక. మంగళవారం ఎవరో ఒకరి ఇంట్లో కాటేజీ ప్రార్థన, బుధవారం స్త్రీల కూడిక, శుక్రవారం ఉపవాస ప్రార్థన, నెలకోసారి రాత్రంతా ఆల్‌నైట్ ప్రార్థన. వీటి మధ్యలో పెళ్ళి మాటలు, అన్నదమ్ముల తగాదాలు, విశాఖ కేజీహెచ్‌లో ఎవరినైనా చేర్చాలంటే తోడు వెళ్ళడం. ఉద్దానం వైపు కాపరులకైతే కిడ్నీ జబ్బుతో డయాలసిస్‌కి తిరిగే వాళ్ళ ఇళ్ళు, సమాధి కూడికలు అదనం. ఒక సమాధి దగ్గర ఆదరణ మాటలు చెప్పి, అదే చొక్కాతో బండెక్కి పుట్టినరోజు కూడికకు వెళ్ళాలి. తన దుఃఖం తను పడటానికి ఆ మనిషికి తీరిక ఎక్కడ?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన వ్యాధుల వర్గీకరణలో బర్నౌట్‌కి చోటుంది. దాన్ని జబ్బుగా కాదు, పనితో ముడిపడిన స్థితిగా చేర్చారు. చాలాకాలం తీరకుండా ఉండిపోయిన పని ఒత్తిడి దానికి కారణం. గుర్తులు మూడు: ఒంట్లో, మనసులో శక్తి లేకపోవడం, చేసే పని మీద విరక్తి, ఎడం, ఎంత చేసినా ఏమీ జరగడం లేదనిపించడం. మన పాస్టర్లలో రెండోదే మొదట బయటపడుతుంది. నిన్నటిదాకా "మా విశ్వాసులు" అన్న మనిషి "ఈ జనం" అనడం మొదలుపెడతాడు. దాన్ని విని సంఘం "మొదటి ప్రేమ వదిలేశాడు" అని తీర్పు చెప్పేస్తుంది.

వాక్యంలోంచే చెప్పమంటారా? 1 రాజులు 18, 19 అధ్యాయాలు పక్కపక్కన పెట్టి చదవండి. కర్మెలు మీద అగ్ని దిగింది, వాన కురిసింది, ఎలీయా ప్రవక్త అహాబు రాజు రథం ముందు యెజ్రెయేలు దాకా పరుగెత్తాడు. ఆ వెంటనే యెజెబెలు రాణి బెదిరింపు ఒకటి వినగానే బెయేర్షెబాకు పారిపోయి, అక్కడి నుంచి ఒక్కడే అరణ్యంలోకి వెళ్ళి, బదరీ వృక్షం కింద కూర్చుని చావు కోరుకున్నాడు. ప్రార్థన తగ్గిన మనిషా ఆయన? దూత వచ్చి గద్దించలేదు, ఉపవాసం ప్రకటించలేదు. నిప్పుల మీద కాల్చిన రొట్టె, నీళ్ళు ఇచ్చాడు. ఎలీయా తిని మళ్ళీ పడుకున్నాడు. రెండోసారి లేపి మళ్ళీ తినమన్నాడు. దేవుడు ఆయనతో పని గురించి మాట్లాడింది ఆ తర్వాతే. "తర్వాత నలభై రోజులు నడిచాడుగా, అది ఉపవాసం కాదా?" అని ఫెలోషిప్ మీటింగుల్లో ఎవరో ఒకరు తప్పకుండా లేస్తారు. ఆ భోజనపు బలంతోనే నడిచాడని అదే వచనంలో ఉందండీ, చదవండి.

ఉపవాసానికి నేను వ్యతిరేకిని కాను. ఒంట్లో శక్తి ఉన్నవాడి ఉపవాసం వేరు. ఆరు నెలలుగా నిద్ర లేనివాడి చేత అన్నం కూడా మాన్పించడం మూలిగే నక్క మీద తాటిపండు వేయడమే. దీనికి సుగర్ తోడైతే ప్రమాదం. గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలు వేసుకునేవాళ్ళు, ఇన్సులిన్ తీసుకునేవాళ్ళు తిండి మానేస్తే రక్తంలో చక్కెర ఒక్కసారిగా పడిపోతుంది. చెమటలు, వణుకు, మాట తడబడటం, స్పృహ తప్పడం. ప్రార్థనలో వణుకు వస్తే ఆత్మ కార్యం అనుకుని చుట్టూ స్తుతులు మొదలుపెట్టే చోట్లు కూడా ఉన్నాయి. నాకు ఒళ్ళు మండేది అక్కడే.

2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటిందని అందరికీ గుర్తే. కొబ్బరి తోటలు, జీడి తోటలు నేలకొరిగాయి. ఆ ప్రాంతంలో నాకు బాగా తెలిసిన ఒక కాపరి మందిరం రేకులు ఎగిరిపోయాయి. ఆ మందిరం సంగతి పక్కన పెట్టి, నెలల తరబడి సహాయ సామాన్లు పంచారు. పేర్ల జాబితా దగ్గర తిట్లు తిన్నారు. అంతా సర్దుకుని బియ్యం మూటలు రావడం ఆగిపోయాక ఆయన పడిపోయారు. ఆదివారం నిలబడితే మాట రాదు. సంఘ పెద్దలు మంచి ఉద్దేశంతోనే ఇరవై ఒక్క రోజుల ఉపవాస ప్రార్థన పెట్టారు. ఆయన సుగర్ మాత్ర మాత్రం వేసుకుంటూ తిండి మానేశారు. ఒక రాత్రి ప్రార్థనలోనే కళ్ళు తేలేశారు. ఊళ్ళో ఆర్ఎంపీ గారు వేలికి సూది గుచ్చి చూసి, అక్కడికక్కడే గ్లూకోజ్ పెట్టించబట్టి బతికారు. ఇప్పటికీ సేవలోనే ఉన్నారు. సోమవారం మాత్రం ఆయన ఫోన్ తీయరు, పెద్దలకు కోపమూ రాదు.

కాబట్టి అలసట వారాల తరబడి తీరకపోతే ముందు రక్తపరీక్షలు: సుగర్, థైరాయిడ్, హిమోగ్లోబిన్, బి12. ఇందులో దేనికీ విశ్వాసంతో తగాదా లేదు. లూకా వైద్యుడు, పౌలు వెంటే ఉన్నాడు. తిమోతి కడుపు జబ్బుకు పౌలు చిట్కా రాశాడు గానీ నీ విశ్వాసం తక్కువ అని రాయలేదు.

బర్నౌట్ వేరు, డిప్రెషన్ వేరు. పని పక్కన పెట్టినా, పిల్లలు దగ్గరున్నా, ఇష్టమైనది వండిపెట్టినా దేని మీదా మనసు పోకుండా రెండు వారాలు దాటితే సైకియాట్రిస్ట్‌ను కలవాలి. ఇచ్చిన మాత్రలు ఎవరో ప్రవచనం చెప్పారని ఒక్కసారిగా ఆపకూడదు. చచ్చిపోతే బాగుండుననే తలంపు వస్తుంటే ఇవాళే ఎవరితోనైనా చెప్పండి. ఊళ్ళో తెలిసిపోతుందని భయమైతే 14416కి చేయండి. ప్రభుత్వ టెలీ మానస్ లైను అది, ఉచితం, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. ఆ తలంపు వచ్చినంత మాత్రాన మీ పిలుపు అబద్ధం అయిపోదు. లండన్‌లో వేలమందికి బోధించిన స్పర్జన్ జీవితమంతా దిగులుతో పోరాడాడు, ఆ సంగతి దాచకుండా తన విద్యార్థులకూ చెప్పాడు. ఒంటికి, మనసుకి విశ్రాంతి కోసం ఏటా చలికాలంలో దక్షిణ ఫ్రాన్సులోని మాంటన్ వెళ్ళేవాడు, 1892లో అక్కడే చనిపోయాడు. మన ఉజ్జీవ సభల్లో ఆయన మాటలు వాడుకునేవాళ్ళు ఈ ముక్క చెప్పరు.

అపోహ: దేవుని సేవకుడికి సెలవు ఉండదు

సంఖ్యాకాండం 8లో ప్రత్యక్ష గుడారపు సేవ చేసే లేవీయులు ఇరవై అయిదేళ్ళకు పనిలో చేరి యాభై ఏళ్ళకు బరువు పని మానాలని ఉంది. ఆ తర్వాత తోటివాళ్ళకు సాయం చేయవచ్చు, అంతే. మన పక్క బొబ్బిలి, పాలకొండ, టెక్కలి లాంటి చోట్ల సంఘాలు కట్టిన కెనడా బాప్టిస్టు మిషనరీలు కొన్నేళ్ళకోసారి ఫర్లో మీద స్వదేశం వెళ్ళి వచ్చేవాళ్ళు. వాళ్ళ బంగళాలు, రిజిస్టర్లు, పాటలు మనకు వచ్చాయి గానీ ఆ సెలవు రాలేదు.

నిజమైన అడ్డంకి వేదాంతం కాదు, డబ్బు. పల్లె పాస్టర్‌కి ఆదివారం కానుకే జీతం. ఇంకో భయం కూడా ఉంది, పైకి చెప్పరు: వేరే బోధకుణ్ణి నిలబెడితే సంఘం అటు వెళ్ళిపోతుందేమోనని. ఈ భయాన్ని నేను వెక్కిరించను, అలా చీలిన సంఘాలు మన మండలాల్లోనే ఉన్నాయి. అందుకే పాస్టర్ల కోసం మేం జరిపే విశ్రాంతి కూడికలు, అంటే రిట్రీట్‌లు, సోమవారం నుంచి బుధవారం దాకే పెడతాం. ఎక్కువ రోజులు కావాలంటే బయటివాళ్ళను పిలవకుండా సొంత సంఘ పెద్ద ఒక కీర్తన చదివించి ప్రార్థన నడిపితే చాలు. విజయనగరం దగ్గర ఒక సంఘంలో రిటైరైన సుబేదారు గారు పెద్దగా ఉన్నారు. సెలవు మాట రాగానే మిగతావాళ్ళు గొణిగారు. ఆయన లేచి, "నాకు ఏడాదికి రెండు నెల్లు సెలవిచ్చీవోరు, బోర్డర్‌ ఏటైపోనేదు. అయ్యగోరు రెండ్రోజులు నేకపోతే మనవేటైపోతాం?" అన్నారు. మినిట్స్ పుస్తకంలో రాయించి సంతకాలు పెట్టించారు. మాటగా ఒప్పుకుంటే రెండు వారాల్లో పోతుంది, రాయించండి.

అపోహ: కన్వెన్షన్‌కి వెళ్ళొస్తే అదే విశ్రాంతి

మూడు రోజులు మైకుల కింద కూర్చుని, రాత్రి పదకొండుకి భోజనం చేసి, అందరికీ వందనాలు చెప్పి రావడం విశ్రాంతి ఎలా అవుతుంది? మా కూడికల్లో ప్రసంగం ఉండదు. ఫోన్లు సంచిలో వేసి తాళం. మొదటి రోజు నిద్ర, సిగ్గుపడకుండా. రెండో రోజు భీమిలి గానీ కళింగపట్నం గానీ ఒడ్డున నడక, ఒకే కీర్తన రోజంతా. ప్రసంగం కోసం కాకుండా తనకోసం బైబిల్ చదివి ఎన్నాళ్ళైందో చాలామందికి అక్కడే తెలుస్తుంది. ఏం పొందారో సాక్ష్యం చెప్పమని ఎవరినీ అడగం.

అపోహ: పాస్టరమ్మ గారు ఇంట్లోనేగా ఉంటారు

స్త్రీల కూడిక, సండే స్కూల్, వచ్చిపోయేవాళ్ళకి టీ, భోజనం, భర్త చిరాకు, సంఘం కొలతలు, అన్నీ ఆవిడ మీదే. పైగా తన బాధ చెప్పుకోవడానికి ఆవిడకు పాస్టర్ లేరు, ఉన్న పాస్టర్ భర్తే. అయ్యగారిని పంపినప్పుడు అమ్మగారిని అతిథుల వంటకు వదిలేయకండి. వాళ్ళకు వేరే రోజులు, పిల్లల్ని చూసుకునే మనిషి, బస్సు చార్జీ, మూడూ సంఘమే చూడాలి.

అపోహ: ఒక్కసారి రిట్రీట్‌కి వెళ్తే సరిపోతుంది

తిరిగొచ్చాక అదే వారం అలాగే ఉంటే నెలకే మళ్ళీ మొదటికి వస్తుంది. ఏ కూడిక మానాలో, ఏది పెద్దలకు అప్పగించాలో బయల్దేరకముందే తేల్చుకోండి. బైబిల్లో మోషేకి ఆయన మామ యిత్రో చెప్పింది అదే. రాత్రి తొమ్మిది దాటాక వచ్చే ఫోన్లు వంతులవారీగా ఇద్దరు పెద్దలు తీయాలి, చావుబతుకుల విషయమైతేనే అయ్యగారిని లేపాలి. ఇక ఏడాది మొత్తంలో అన్నిటికంటే గడ్డుకాలం డిసెంబరు: సెమీ క్రిస్మస్‌లు, కేరల్స్, ఇరవై అయిదు, ముప్పై ఒకటి రాత్రి. జనవరి మొదటి వారానికి ఏ కూడికా ఒప్పుకోకండి. ఆ వారం ఇంటింటికీ తిరిగి వాగ్దానం కార్డులు, క్యాలెండర్లు పంచే పని యూత్ వాళ్ళకు ఇచ్చేయండి.