20 డాలర్ల కొనుగోలుకు 27 డాలర్ల ఫీజు: అమెరికా బ్యాంకు ఛార్జీల వెనుక కథ

2025 మే 9న అధ్యక్షుడు డొనాల్డ్ ట్రంప్ సంతకంతో అమెరికాలో ఒక బ్యాంకింగ్ నిబంధన అమల్లోకి రాకముందే రద్దయింది. ఖాతాలో డబ్బు చాలనప్పుడు వేసే ఓవర్‌డ్రాఫ్ట్ ఫీజును పెద్ద బ్యాంకులు 5 డాలర్లకు కుదించాలి, లేదా తమకు నిజంగా అయిన ఖర్చు మాత్రమే తీసుకోవాలి, అదీ కుదరదంటే ఆ సొమ్మును అప్పుగా చూపించి వడ్డీ ఎంత పడుతుందో ఖాతాదారుకు ముందే చెప్పాలి అన్నది ఆ నిబంధన. సీఎఫ్‌పీబీ అనే వినియోగదారుల ఆర్థిక రక్షణ సంస్థ 2024 డిసెంబరులో దాన్ని తెచ్చింది. 1,000 కోట్ల డాలర్లకు మించి ఆస్తులున్న బ్యాంకులకే అది వర్తించేది. 2025 అక్టోబరు 1 నుంచి అమలు కావాల్సిన ఆ నిబంధనను అమెరికా చట్టసభ అయిన కాంగ్రెస్ కొట్టేసింది.

డెబిట్ కార్డు గీకాలా, చెక్కు రాయాలా, నోట్లు చేతిలో ఉంచుకోవాలా అన్నది పైకి సౌకర్యానికి సంబంధించిన విషయంలాగే కనిపిస్తుంది. కానీ అమెరికాలో ఈ మూడింటికీ వేరువేరు చట్టాలు, వేరువేరు ఛార్జీలు ఉన్నాయి. ఒక్కోటీ ఒక్కో కాలంలో, ఒక్కో తగువులోంచి పుట్టింది. వాటిని వరుసగా చూస్తే ఒక సంగతి బోధపడుతుంది. అక్కడ బ్యాంకు సేవ ఎప్పుడూ ఉచితంగా లేదు. ఆ బిల్లు ఒకరి నెత్తి మీంచి ఇంకొకరి నెత్తి మీదికి మారుతూ వచ్చింది. చివరికి దాన్ని ఎక్కువగా మోసింది ఖాతాలో డబ్బు తక్కువున్నవాళ్లు.

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో చెక్కు మీద రాసినంత డబ్బూ అవతలివాళ్ల చేతికి వస్తుందన్న నమ్మకం లేదు. దూరపు ఊళ్లో ఉన్న బ్యాంకుకు చెక్కును పోస్టులో పంపితే, అది కొంత మినహాయించుకుని మిగతాది పంపేది. ఈ కోత తప్పించుకోవడానికి బ్యాంకులు తమకు పరిచయమున్న వేరే బ్యాంకుల మీదుగా చెక్కులను చుట్టుదారుల్లో తిప్పేవి. 1913 చట్టంతో అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ ఏర్పడ్డాక, రాసినంతా పూర్తిగా చెల్లించే పద్ధతి మెల్లగా దేశమంతా పాకింది. చిన్న ఊళ్ల బ్యాంకులు మాత్రం ఆ కోతను అంత తేలిగ్గా వదులుకోలేదు. దశాబ్దాల పాటు పోట్లాడాయి.

తర్వాతి మలుపు ఆర్థిక మాంద్యం తెచ్చింది. డిపాజిట్ల కోసం బ్యాంకులు పోటీపడి వడ్డీ పెంచుకుంటూ పోతే మునిగిపోతాయన్న భయంతో 1933 బ్యాంకింగ్ చట్టం చెక్కులు రాసుకునే చెకింగ్ ఖాతాల మీద వడ్డీ ఇవ్వడాన్నే నిషేధించింది. వడ్డీ ఇవ్వకుండానే డబ్బు చేతికొస్తున్నప్పుడు ఖాతాదారును ఆకట్టుకోవడానికి బ్యాంకుకు మిగిలిన దారి సేవలే. దాంతో శాఖలు పెరిగాయి, చాలాచోట్ల చెక్కులు ఉచితమో, అతి చవకో అయ్యాయి. నిజానికి ఖాతాదారులందరూ తమకు రాని వడ్డీ రూపంలో ఆ ఖర్చు భరించారు. ఎక్కువ డబ్బు దాచినవాళ్లు ఎక్కువ వదులుకున్నారు, తక్కువ ఉన్నవాళ్లు తక్కువ వదులుకున్నారు. తర్వాత వచ్చిన పద్ధతులతో పోలిస్తే ఇదే కాస్త న్యాయంగా ఉందని నాకనిపిస్తుంది.

1970లలో ధరలు మండిపోయి వడ్డీ రేట్లు ఎగబాకాక ఈ ఏర్పాటు నిలవలేదు. జనం డబ్బు తీసి వడ్డీ వచ్చే చోట పెట్టుకోవడం మొదలైంది. 1972లో మసాచుసెట్స్‌లో చెక్కు రాసుకునే వీలుండి వడ్డీ కూడా వచ్చే ఖాతాలు మొదలయ్యాయి. 1980 చట్టం వాటిని దేశమంతటా అనుమతించింది, పొదుపు వడ్డీల మీది పరిమితులనూ దశలవారీగా తీసేసింది. చవగ్గా దొరికే డిపాజిట్లు తగ్గాక బ్యాంకుల చూపు ఫీజుల మీదికి మళ్లింది. ఏటీఎంల సంగతే చూడండి. దేశంలో మొదటి ఏటీఎం 1969 సెప్టెంబరులో న్యూయార్క్ రాష్ట్రంలోని రాక్‌విల్ సెంటర్‌లో కెమికల్ బ్యాంక్ పెట్టింది. వేరే బ్యాంకు కార్డుదారు దగ్గర ఏటీఎం యజమాని అదనపు ఛార్జీ తీసుకోకూడదన్న ఆంక్షను పెద్ద నెట్‌వర్క్‌లైన ప్లస్, సిరస్ 1996 ఏప్రిల్‌లో ఎత్తేశాయి. అప్పటినుంచి సొంత డబ్బు తీసుకోవడానికి రెండు వైపులా కట్టాల్సిన పరిస్థితి వచ్చింది. ఏటీఎం యజమానికి ఒకటి, తన బ్యాంకుకు ఇంకొకటి.

ఇక ఓవర్‌డ్రాఫ్ట్. చెక్కు ఈరోజు రాస్తే ఖాతాలోంచి డబ్బు వెళ్లేది కొన్ని రోజుల తర్వాత. జీతం సోమవారం పడుతుందనుకుని శుక్రవారమే చెక్కు రాసేవాళ్లు ఎప్పుడూ ఉన్నారు. లెక్క తప్పితే చెక్కు బౌన్స్ అయ్యేది. బ్యాంకు ఫీజు వేసేది, చెక్కు తీసుకున్న వ్యాపారి ఇంకో ఛార్జీ వేసేవాడు, పరువు పోయేది. అందుకే తెలిసిన ఖాతాదారు అయితే మేనేజరు ఆ చెక్కును చూసి, "ఈయన కట్టేస్తాడులే" అని పాస్ చేసేవారు. ఒక్కో చెక్కునూ మనిషి చూడాలి కాబట్టి ఫీజుకు ఒక అర్థం ఉండేది. 1969లో అప్పుల వివరాలు పారదర్శకంగా చెప్పాలన్న నిబంధనలు వచ్చినప్పుడు, అడపాదడపా చేసే ఈ సాయాన్ని ఫెడరల్ రిజర్వ్ వాటి నుంచి మినహాయించింది. ఈ ఫీజును అప్పు మీద వడ్డీగా చూపించనక్కర్లేదన్నది దాని సారం. కాగితపు చెక్కుకు ఇచ్చిన ఆ చిన్న వెసులుబాటే తర్వాత వేల కోట్ల డాలర్ల రాబడికి తలుపు తెరిచింది.

ఎందుకంటే 1990లలో రెండు మార్పులు కలిసొచ్చాయి. ఒకటి, డెబిట్ కార్డు. వీసా, మాస్టర్‌కార్డ్ దీన్ని చెక్కుకు బదులు వాడే కార్డుగా ఊరూరా ప్రచారం చేశాయి. రెండు, మేనేజరు చేసే పనిని కంప్యూటరుకు అప్పజెప్పడం. ఇక ఖాతాదారు ఎవరో ఎవరూ చూడనక్కర్లేదు, ఫలానా మొత్తం వరకూ ఆటోమేటిక్‌గా పాస్ చేసి ఫీజు వేసెయ్యడమే.

ఇక్కడ కాస్త ఆగి చూడాలి. చెక్కు బౌన్స్ అయితే ఖాతాదారుకు నిజంగానే నష్టం, కాబట్టి దాన్ని కాపాడినందుకు ఫీజు తీసుకున్నామని బ్యాంకు చెప్పుకోవచ్చు. డెబిట్ కార్డుకు ఆ వాదన పొసగదు. కౌంటరు దగ్గర కార్డు గీకిన క్షణంలోనే ఖాతాలో ఎంతుందో బ్యాంకుకు తెలుసు. డబ్బు లేదంటే తిరస్కరిస్తే సరిపోతుంది, ఎవరికీ పైసా ఖర్చు లేదు. అయినా బ్యాంకులు పాస్ చేసి చెక్కు ఫీజే వేశాయి. డిపాజిట్ బీమా సంస్థ ఎఫ్‌డీఐసీ 2008లో వెలువరించిన అధ్యయనం ప్రకారం, ఫీజుకు దారితీసిన డెబిట్ కార్డు కొనుగోలు మధ్యస్థ విలువ 20 డాలర్లు. మధ్యస్థ ఫీజు 27 డాలర్లు. దాన్ని రెండు వారాల అప్పుగా లెక్కేస్తే వార్షిక వడ్డీ 3,520 శాతం. ఏడాదిలో ఐదు లేదా అంతకు మించి ఇలా ఇరుక్కున్న సుమారు 14 శాతం మందే మొత్తం ఫీజుల్లో 93 శాతం కట్టారు. "ఫ్రీ చెకింగ్" అని బోర్డులు పెట్టిన ఖాతాల ఖర్చులో పెద్ద భాగం వాళ్ల జేబుల్లోంచే వచ్చింది.

ఫీజుల సంఖ్య పెంచే కిటుకు ఇంకోటి ఉండేది. ఖాతాలో 100 డాలర్లున్నాయి అనుకోండి. పొద్దున్నుంచీ కార్డుతో 4, 9, 15, 22 డాలర్ల కొనుగోళ్లు జరిగాయి. ఆఖర్న 98 డాలర్ల చెక్కు వచ్చింది. జరిగిన వరుసలో తీసేస్తే చిన్నవి నాలుగూ సాఫీగా పోయి, ఒక్క చెక్కు దగ్గరే డబ్బు చాలదు. 35 డాలర్ల చొప్పున ఒకే ఫీజు. రాత్రి కంప్యూటరు పెద్ద మొత్తాన్ని ముందు తీసేస్తే 2 డాలర్లే మిగులుతాయి, చిన్నవి నాలుగూ ఓవర్‌డ్రాఫ్ట్‌లోకి పోతాయి. ఇప్పుడు నాలుగు ఫీజులు, 140 డాలర్లు. కొన్నదీ మారలేదు, ఉన్నదీ మారలేదు, మారింది వరుస ఒక్కటే. అసలే చేతిలో డబ్బాడని మనిషికి ఇది గోరుచుట్టు మీద రోకటిపోటు. ఈ పద్ధతి మీద పడిన దావాలో 2010 ఆగస్టులో శాన్ ఫ్రాన్సిస్కో ఫెడరల్ జడ్జి విలియం ఆల్సప్, కాలిఫోర్నియా ఖాతాదారులకు 20.3 కోట్ల డాలర్లు తిరిగి కట్టాలని వెల్స్ ఫార్గోను ఆదేశించారు. అప్పీళ్లు సాగి సాగి 2016లో సుప్రీంకోర్టు జోక్యానికి నిరాకరించాక గానీ ఆ కేసు తేలలేదు. బ్యాంక్ ఆఫ్ అమెరికా ఇలాంటి వివాదాన్నే 2011లో 41 కోట్ల డాలర్లకు రాజీ చేసుకుంది.

ఈలోగా చెక్కు కూడా వేగం పుంజుకుంది. 2001 సెప్టెంబరు 11 దాడుల తర్వాత విమానాలు ఆగిపోవడంతో వేల కోట్ల డాలర్ల విలువైన కాగితపు చెక్కులు ఎక్కడివక్కడ చిక్కుకుపోయాయి. ఆ అనుభవంతో వచ్చిన చెక్ 21 చట్టం 2004 అక్టోబరు 28 నుంచి అమలైంది. అసలు కాగితం బదులు దాని బొమ్మ పంపితే చాలన్నారు. ఫలితంగా మనం రాసిన చెక్కు తాలూకు డబ్బు గబగబా పోవడం మొదలైంది. మనం జమ చేసిన చెక్కు డబ్బును ఎన్నాళ్లు ఆపి ఉంచవచ్చో చెప్పే పాత గడువులను మాత్రం ఆ చట్టం ముట్టుకోలేదు. పోయేది వేగంగా, వచ్చేది నింపాదిగా అయితే మధ్యలో ఎవరు జారిపడతారో చెప్పనక్కర్లేదు.

2009 నవంబరులో ఫెడరల్ రిజర్వ్ మేలుకుంది. 2010 జులై 1 నుంచి కొత్త ఖాతాలకు, ఆగస్టు 15 నుంచి పాతవాటికి, ఏటీఎంలో డబ్బు తీయడం మీద, విడివిడిగా చేసే కార్డు కొనుగోళ్ల మీద ఓవర్‌డ్రాఫ్ట్ ఫీజు వేయాలంటే ఖాతాదారు ముందుగా ఒప్పుకోవాలి. మంచి నిబంధనే. ఆ ఒప్పుదల రాబట్టిన తీరే అన్నిచోట్లా మంచిగా లేదు. అక్రమంగా ఒప్పుదల తీసుకుందన్న కేసులో టీడీ బ్యాంక్ 2020లో జరిమానా, వాపసు కలిపి 12.2 కోట్ల డాలర్లకు ఒప్పుకోవాల్సి వచ్చింది.

డెబిట్ కార్డు మీద బ్యాంకుకు మరో రాబడి ఉంది, అది మన స్టేట్‌మెంట్‌లో కనిపించదు. ప్రతి కొనుగోలుకూ వ్యాపారి వైపు నుంచి కార్డు ఇచ్చిన బ్యాంకుకు కొంత వెళ్తుంది. వాల్‌మార్ట్ ముందుండి నడిపిన వ్యాపారుల దావాను 2003లో వీసా, మాస్టర్‌కార్డ్ కలిసి 300 కోట్ల డాలర్లకు రాజీ చేసుకున్నాయి. తగువు అక్కడితో చల్లారలేదు. ఇల్లినాయ్ సెనేటర్ డిక్ డర్బిన్ 2010 ఆర్థిక సంస్కరణల చట్టంలో చేర్చిన సవరణ వల్ల, సగటున 44 సెంట్లున్న ఈ రుసుము 2011 అక్టోబరు 1 నుంచి పెద్ద బ్యాంకులకు 21 సెంట్లు, కొనుగోలు విలువలో 0.05 శాతం, మోసాల నివారణకు మరో సెంటు వరకే పరిమితమైంది. అది అమలయ్యే రెండు రోజుల ముందు బ్యాంక్ ఆఫ్ అమెరికా, డెబిట్ కార్డుతో కొనేవాళ్ల దగ్గర నెలకు 5 డాలర్లు తీసుకుంటామంది. ఒక యువతి పెట్టిన ఆన్‌లైన్ పిటిషన్ మీద 3 లక్షలకు పైగా సంతకాలు పడ్డాయి. నవంబరు 1న బ్యాంకు వెనక్కి తగ్గింది. కంటికి కనిపించే ఫీజు దాదాపు నెల రోజులకే ఓడిపోయింది. అంతకన్నా ఎన్నో రెట్లు బరువైన ఓవర్‌డ్రాఫ్ట్ ఫీజు మీద అంత ఆగ్రహం ఒక్కసారిగా ఎప్పుడూ రాలేదు. అది అందరికీ ఒకే రోజు పడదు మరి.

నగదుకు ఈ బాధలేవీ లేవు గానీ దాని చిక్కులు దానికున్నాయి. నోటు పారేసుకుంటే పోయినట్టే. ప్రైవేటు వ్యాపారులు నోట్లు తీసుకోవాలని చెప్పే ఫెడరల్ చట్టం ఏదీ లేదు. మసాచుసెట్స్ 1978 నుంచే నగదును కాదనకూడదంటోంది. 2019లో న్యూజెర్సీ, ఫిలడెల్ఫియా, 2020లో న్యూయార్క్ నగరం ఆ దారి పట్టాయి. ఎఫ్‌డీఐసీ 2023 సర్వే ప్రకారం 4.2 శాతం కుటుంబాలకు బ్యాంకు ఖాతానే లేదు. కారణాల్లో ఎక్కువమంది చెప్పింది, కనీస బ్యాలెన్స్‌కు సరిపడా డబ్బు లేకపోవడం. వాళ్లు జీతం చెక్కును నగదుగా మార్చుకోవడానికే రుసుము కట్టాల్సి వస్తుంది.

చట్టం చేయలేని పని కొంత బ్యాంకుల మధ్య పోటీ వల్ల జరిగింది. 2021 డిసెంబరులో క్యాపిటల్ వన్ ఓవర్‌డ్రాఫ్ట్ ఫీజు ఎత్తేస్తామని ప్రకటించింది. 2022లో సిటీ బ్యాంక్ అదే చేసింది, బ్యాంక్ ఆఫ్ అమెరికా 35 డాలర్లను 10కి తగ్గించింది. అయితే ఇవి బ్యాంకులు తమంతట తీసుకున్న నిర్ణయాలు. 5 డాలర్ల నిబంధన పోయాక, రేపు మళ్లీ పెంచినా ఆపే ఫెడరల్ పరిమితి లేదు.

ప్రస్తుతం ఎంచుకునేవాళ్లకు మిగిలిన తేడాలు ఇవి. కార్డు పోయిందని తెలిసిన రెండు పనిదినాల్లో చెబితే 1978 ఫెడరల్ చట్టం ప్రకారం నష్టం 50 డాలర్లు దాటదు. ఆలస్యమైతే 500 దాకా పోవచ్చు. స్టేట్‌మెంట్ పంపిన 60 రోజుల్లో కూడా చెప్పకపోతే ఆ తర్వాత పోయేదానికి హద్దు లేదు. కార్డు కొనుగోళ్ల ఓవర్‌డ్రాఫ్ట్‌కు ఇచ్చిన ఒప్పుదలను ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చు. అప్పుడు డబ్బు లేకపోతే కార్డు పనిచేయదు, ఫీజూ పడదు. చెక్కులు, నెలనెలా ఆటోమేటిక్‌గా కట్ అయ్యే బిల్లులు మాత్రం ఈ రక్షణలోకి రావు. వాటి విషయంలో తమ బ్యాంకు ఎంత తీసుకుంటుందో ఖాతాదారు విడిగా అడిగి తెలుసుకోవాల్సిందే.