గోధుమ గింజ ఇంకా లావుగా ఎందుకు పెరగదు?

చిరంజీవులైన మనవడికి, మనవరాలికి తాతయ్య ఆశీస్సులు.

సంక్రాంతికి ధర్మాబాద్ వచ్చినప్పుడు గోధుమ చేని గట్టు మీద నిలబడి, ఈ గింజ ఇంకా లావుగా ఎందుకు పెరగదని అడిగారు. నేను జవాబు చెప్పేలోగా మీ రైలు వేళయింది.

గింజ పైపొరలో ఉన్న ప్రతి కణం చుట్టూ గట్టి గోడ ఉంటుంది. ఆ గోడ సాగినంత వరకే గింజ పెరుగుతుంది. నా చిన్నతనంలో మా అమ్మ బడి చొక్కాల అంచులను లోపలికి మడిచి కుట్టమని దర్జీకి చెప్పేది. ఏడాది తిరిగాక ఆ కుట్లు విప్పితే అదే చొక్కా మళ్ళీ సరిపోయేది. పాత మడత గీత కనిపించినా ఎవరూ నవ్వేవారు కారు, అందరి చొక్కాలూ అలాంటివే కనుక. గోధుమలో అలా కుట్లు విప్పే పని ఎక్స్‌పాన్సిన్ అనే ప్రోటీన్‌ది. నేలను తొలుచుకుపోయే వేళ్ళలో అది కణాల గోడలను సడలిస్తుంది.

శాస్త్రవేత్తలు వేళ్ళలో ఆ ప్రోటీన్‌ను తయారుచేయించే గోధుమ జన్యువునే ఎదిగే గింజలోనూ పనిచేసేలా అమర్చి, చిలీ దేశపు పొలంలో పండించి చూశారు. 2021లో వెలువడిన ఫలితాల ప్రకారం గింజ సగటు బరువు 12.3 శాతం వరకు, దిగుబడి 11.3 శాతం వరకు పెరిగాయి. మామూలుగా గింజ బరువెక్కితే కంకిలో గింజల సంఖ్య తగ్గుతుంది. ఎన్నో ఏళ్ళుగా దిగుబడికి అడ్డుపడుతున్న చిక్కు ఇదే. ఇక్కడ సంఖ్య తగ్గలేదు! ఆ మాట చదివినప్పుడు నాకు కలిగిన ఆనందం ఇంతా అంతా కాదు.

అయితే చొక్కా వదులు చేస్తే చాలదు, దాన్ని నింపే ఒళ్ళూ కావాలి. ఆకులు చేసిన చక్కెర గింజలోకి చేరి పిండిగా మారాలి. మన మరాఠ్వాడాలో దీపావళి దాటాక విత్తిన గోధుమకు ఫిబ్రవరిలోనే ఎండ ముదిరితే, పాలుపట్టిన గింజ నిండకుండానే ఎండి నొక్కుగా మిగిలిపోతుంది. చిలీలో నెగ్గిన మొక్క ఇక్కడి నల్లరేగడిలో, ఇక్కడి ఎండలో ఎలా పండుతుందో వేసి చూస్తేనే తెలుస్తుంది. అంతవరకు తొందరపడి పొగడడమూ, భయపడి తోసిపుచ్చడమూ తగవు.

మీ ఇంటి గోధుమల్లో 1000 గింజలు లెక్కపెట్టి, కిరాణా కొట్టులో తూయించండి. సుమారు 40 గ్రాములు తూగవచ్చు. తరువాత నొక్కు గింజలను ఏరేసి, వాటి బదులు నిండు గింజలు కలిపి మళ్ళీ తూయించి, ఎంత తేడా వచ్చిందో నాకు రాయండి.

మీ తాతయ్య
ధర్మాబాద్