గంధకం ఇంటి నంబరు 1,28,781

హైదరాబాద్‌లో రసాయనశాస్త్రం పీజీ చేస్తున్న ఒక విద్యార్థిని అడిగిన ప్రశ్న ఇది. న్యూటన్ రసవాద రాతల మీద తాను రాసిన వ్యాసంలో గంధకం గుర్తును, అంటే త్రిభుజం కింద శిలువను, పెట్టుకున్నదట. చిక్కడపల్లిలో ఒక డీటీపీ సెంటరులో ఆ ఫైలు తెరిస్తే, గుర్తు ఉండవలసిన చోట ఖాళీ డబ్బా కనిపించింది. ఆ గుర్తు ఎక్కడికి పోయిందని ఆమె ప్రశ్న.

అక్షరం ఎక్కడికీ పోలేదు. దాన్ని గీయగల ఫాంటు ఆ కంప్యూటరులో లేదు, అంతే. నోటో సాన్స్ సింబల్స్ వంటి ఫాంటు వేస్తే డబ్బా స్థానంలో గంధకం ప్రత్యక్షమవుతుంది. న్యూటన్ రాతప్రతులను డిజిటల్ రూపంలోకి తెస్తున్న ఇండియానా విశ్వవిద్యాలయ పండితుల ప్రతిపాదనతో, ప్రపంచ భాషల అక్షరాలకు, గుర్తులకు కంప్యూటర్లలో ఒక్కో నంబరు కేటాయించే యూనికోడ్ పట్టికలో, 2010లో వెలువడిన 6.0 కూర్పులో, 116 రసవాద గుర్తులకు చోటు దొరికింది. మన పాఠ్యపుస్తకాలు బంగారపు పిచ్చి అని ఒక్క ముక్కలో కొట్టిపారేసే రసవాదం మీద న్యూటన్ రాసినది సుమారు 10 లక్షల పదాలు.

నన్ను ఆకట్టుకునేది ఆ గుర్తుల చిరునామా. యూనికోడ్‌ను ఒక నగరం అనుకుంటే, 0 నుంచి 65,535 వరకు నంబర్లున్న ఇళ్లు పాతబస్తీ. మన తెలుగు అక్షరాలు అక్కడే, 3,072 మొదలుకొని కాపురమున్నాయి. గంధకం నంబరు 1,28,781 కనుక అది శివార్లలోని కొత్త కాలనీలో ఉన్నట్టు. ఈ నంబర్లను కంప్యూటరులో దాచే పద్ధతుల్లో ఒకటైన యూటీఎఫ్-16లో ఒక్కో గడిలో 65,535కు మించిన సంఖ్య పట్టదు కాబట్టి, ముందుగా పాతబస్తీ ఇళ్లు 65,536 తీసివేయగా మిగిలిన 63,245ను, వీధికి 1,024 ఇళ్ల చొప్పున భాగిస్తారు: 61వ వీధి, 781వ ఇల్లు (రెండు లెక్కలూ సున్నా నుంచే మొదలవుతాయి). పాతబస్తీలో ఏ అక్షరానికీ ఇవ్వకుండా అట్టిపెట్టిన ఖాళీ స్థలాల్లో వీధులకు 55,296 నుంచి, ఇళ్లకు 56,320 నుంచి బోర్డులు పాతారు. వాటికి 61, 781 కలిపితే వచ్చే 55,357, 57,101 అనే జంటే గంధకం. పాతబస్తీ దాటి ఎరుగని పోస్ట్‌మాన్ లాంటి పాత సాఫ్ట్‌వేర్ ఈ జంటను రెండు అక్షరాలుగా లెక్కిస్తుంది, ఒక్కోసారి మధ్యకు కోసి రెంటినీ చెడగొడుతుంది.

చాలా లోహాల గుర్తులు మాత్రం గ్రహాల పేరిట ముందే పాతబస్తీలో ఉన్నందున, వాటికి మళ్లీ నంబర్లు ఇవ్వలేదు. బుధ గ్రహమైనా పాదరసమైనా 9,791 ఒక్కటే. వెతికితే రెండూ కలిసే దొరుకుతాయి. చారునూ పాదరసాన్నీ ఒకే ‘రసం’తో పిలిచే మనకు ఇది వింత కాదు. రాగికి వాడే శుక్రుని గుర్తుతోనే అసలు చిక్కు: అది స్త్రీని సూచించే గుర్తు కూడా కావడంతో కొన్ని ఫోన్లు దాన్ని రంగుల ఎమోజీగా మార్చేస్తాయి. 9,792 అనే ఆ అక్షరం వెంటనే, కంటికి కనబడని 65,038ను చేర్చితే, దాన్ని ఎమోజీగా కాక మామూలు అక్షరంగా చూపమని ఫోనుకు చెప్పినట్టవుతుంది.